ఆపమని చెప్పగలిగిన మనిషి

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజుల్లో మన టీవీ తెరల నిండా పైనుంచి తీసిన నలుపు తెలుపు దృశ్యాలే. ఒక కట్టడం, దాని మీద గురి గుర్తు, క్షణంలో పొగ. వాటిని చూస్తూ మా అన్నయ్య కొడుకు ఒక మాట అన్నాడు. డ్రోన్లు తయారుచేసే సంస్థలో పనిచేస్తాడు, విషయం తెలిసినవాడే. "బాబాయ్, పూర్వం చిన్న విమానంలో ఒకడు యుద్ధభూమి మీద తిరుగుతూ బాంబు ఎక్కడ వేయాలో చెప్పేవాడు కదా. ఇక అతనితో పని లేదు. కెమెరా అతనికంటే బాగా చూస్తుంది."

కెమెరా బాగా చూస్తుందన్నది నిజమే. అతనితో పని లేదన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ మనిషినే ఫార్వర్డ్ ఎయిర్ కంట్రోలర్ అంటారు. అలాంటివారి గురించి చాలా కాలంగా దొరికిందల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది: ఆ మనిషి విలువ అతని కంటిచూపులో కంటే, దాడిని ఆపగలిగే అధికారం అతని చేతిలో ఉండటంలోనే ఎక్కువ. పైగా ఆ అధికారం చావుకు దగ్గరగా, కింద ఉన్నవాళ్ల గొంతు వినిపించేంత తక్కువ ఎత్తులో ఉండేది. కెమెరా వచ్చాక చూపు మెరుగైంది. అధికారం మాత్రం ఎక్కడెక్కడికో చెదిరిపోయింది.

లోంగేవాలా మీద ఎగిరిన కృషక్

1971 డిసెంబర్ 4 రాత్రి రాజస్థాన్ ఎడారిలోని సరిహద్దు ఠాణా లోంగేవాలాలో ఏం జరిగిందో మళ్లీ చెప్పనక్కర్లేదు. మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి, ఆయన వెంట ఉన్న 120 మంది దాకా పంజాబ్ రెజిమెంట్ జవాన్లు, ఎదురుగా పాకిస్తాన్ ట్యాంకులు, తెల్లవారగానే జైసల్మేర్ నుంచి వచ్చిన మన వైమానిక దళపు హంటర్ యుద్ధ విమానాలు. హంటర్లకు చీకట్లో దాడిచేసే ఏర్పాటు లేదు కాబట్టి వెలుతురు కోసం ఎదురుచూడాల్సి వచ్చిందన్నదీ అందరికీ తెలుసు.

అంతగా ప్రచారంలోకి రాని పేరు మేజర్ ఆత్మా సింగ్. సైన్యంలో పైనుంచి చూసి ఫిరంగులకు గురి చెప్పే ఎయిర్ అబ్జర్వేషన్ పోస్ట్ దళానికి చెందిన ఈయన ఆ ఉదయం కృషక్ విమానంలో యుద్ధభూమి మీదికి వెళ్లి హంటర్లకు లక్ష్యాలు చూపించారు. కృషక్ అంటే బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన ఒంటి ఇంజన్ విమానం. దానికి కవచం లేదు, ఆయుధం లేదు. కింద ట్యాంకుల మీద విమాన విధ్వంసక తుపాకులు ఉన్నాయి.

చెట్టూ పుట్టా లేని ఎడారిలో ట్యాంకులు ఎక్కడ దాక్కుంటాయి, వాటిని చూపించడానికి ఇంకో మనిషి ఎందుకని నాకు మొదట సందేహం. సికింద్రాబాద్ సైనిక్‌పురిలో ఉండే ఒక విశ్రాంత ఆర్టిలరీ అధికారిని అడిగాను. "కష్టమంతా అక్కడే ఉందండీ," అన్నారాయన. "ఊళ్ల మధ్య యుద్ధమైతే గుడి పక్కన అని చెప్పవచ్చు, వంతెన దాటాక అని చెప్పవచ్చు. ఎడారిలో ఏమని చెబుతారు? ఒక దిబ్బకూ ఇంకో దిబ్బకూ పైనుంచి తేడా ఉండదు. గంటకు 700 కిలోమీటర్ల వేగంతో వచ్చే పైలట్‌కు మీరు వాక్యం పూర్తిచేసేలోపు ఆ దిబ్బ వెనకబడిపోతుంది. మనవాళ్లు ఏ దిబ్బ మీద ఉన్నారో ముందే చూసి పెట్టుకున్నవాడు ఒకడు పైన నిదానంగా తిరుగుతూ ఉండాలి."

ఆయన మాటలు విన్నాక నాకు ఛాంబ్ గుర్తొచ్చింది. 1965 సెప్టెంబర్ 1 సాయంత్రం జమ్మూ దిక్కున ఉన్న ఛాంబ్ సెక్టార్‌లో పాకిస్తాన్ ట్యాంకులు ముందుకు దూసుకొస్తుంటే వైమానిక దళం సాయం కోరారు. హడావుడిగా అనుమతి వచ్చింది. పఠాన్‌కోట్ నుంచి వాంపైర్, మిస్టేర్ జెట్ విమానాలు వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. కింద ఎవరి ట్యాంకులు ఎవరివో తెలియని గందరగోళం. ఆ దాడుల్లో కొన్ని మన 20 లాన్సర్స్ రెజిమెంట్ ట్యాంకుల మీద, మన పదాతి దళం మీదే పడ్డాయి. వాంపైర్లు నాలుగు కూలిపోయాయి. పైలట్ల ధైర్యానికి వంక పెట్టేవాడు ఎవడూ ఉండడు. వాళ్లకు లేనిదల్లా "అవి మనవి, వదిలెయ్యండి" అని చెప్పే గొంతు.

ఒక దాడి వెనుక ఎంత మాట

ఈ పని శాస్త్రంగా ఎదిగింది మాత్రం వేరేచోట. 1950లో కొరియాలో అమెరికన్లు టీ-6 శిక్షణ విమానాల్లో ఇలా తిరిగేవారు. వాటిని మస్కిటోలు అనేవారు. వియత్నాంలో ఇది పూర్తిస్థాయి వ్యవస్థ అయింది. దక్షిణ వియత్నాంలో సాధారణంగా ఫార్వర్డ్ ఎయిర్ కంట్రోలర్ అదుపులో తప్ప ఫైటర్ విమానాలు బాంబు వేయకూడదు. దానికి ముందు స్థానిక వియత్నాం అధికారుల అనుమతి ఉండాలి.

ఒక్కో రాష్ట్రానికి కొందరు కంట్రోలర్లను కేటాయించేవారు. వాళ్లు అక్కడే నివసించేవారు. అదే అడవి మీద, అవే పొలాల మీద రోజూ ఎగిరేవారు. విమానం సెస్నా ఓ-1, బర్డ్ డాగ్ అని పేరు. వేగం గంటకు 160 కిలోమీటర్ల చుట్టుపక్కల, ఎత్తు మామూలుగా 1,500 అడుగులు. రెక్కల కింద ఉండేవి గుర్తు పెట్టడానికి పనికొచ్చే తెల్ల భాస్వరం రాకెట్లు నాలుగే. నిన్న లేని పడవలు ఇవాళ రేవులో ఉన్నాయా, పొలంలో ఉండాల్సిన మనుషులు ఎందుకు లేరు, ఏ కాలిబాట కొత్తగా అరిగింది అన్నవి ఇలా రోజూ తిరిగేవాడికే తెలుస్తాయి.

కింద సైనికులు చిక్కుల్లో పడితే ఏమయ్యేదో చూడండి. కంట్రోలర్ ముందు మనవాళ్లు ఎక్కడున్నారో తేల్చుకోవాలి. పొగ గ్రెనేడ్ వేయమంటాడు. ఏ రంగు వేస్తున్నారో ముందుగా రేడియోలో చెప్పొద్దంటాడు, ఎందుకంటే వింటున్న శత్రువు కూడా అదే రంగు వేస్తాడు. పొగ లేచాక "నాకు పసుపు కనిపిస్తోంది" అని తనే చెబుతాడు. కింద నుంచి "అవును, అదే" అని వస్తేనే నమ్ముతాడు. తర్వాత ఫైటర్లకు వివరం చెప్పాలి: లక్ష్యం ఏమిటి, నేల ఎత్తెంత, గాలి ఎటు, కింది నుంచి కాల్పులు ఎక్కడ నుంచి వస్తున్నాయి, ఏ దిక్కు నుంచి దిగాలి, దెబ్బతింటే ఎటు తిరగాలి. మనవాళ్ల తలల మీదుగా దిగకూడదు, వాళ్ల వరుసకు సమాంతరంగా దిగాలి. ఎందుకంటే బాంబు ముందుగా పడినా ఆలస్యంగా పడినా వాళ్ల మీద పడకూడదు. మూడు రకాల రేడియోల్లో మూడు సంభాషణలు సాగుతుంటే, చేతికందిన అంకెలు పక్క అద్దం మీదే మైనపు పెన్సిలుతో రాసుకునేవారు.

చివరగా తనే విమానాన్ని కిందికి దూకించి రాకెట్ పేల్చి పొగతో గుర్తు పెడతాడు. "నా పొగకు ఉత్తరంగా 50 మీటర్లు" అంటాడు. అక్కడితో అయిపోదు. ఫైటర్ దిగే ప్రతిసారీ దాని ముక్కు ఎటు తిరిగి ఉందో చూసి, అప్పుడు మాత్రమే వేయమంటాడు. దిక్కు తేడాగా ఉంటే ఆపమంటాడు. అతను ఆపమంటే, కోట్ల ఖరీదు చేసే జెట్ విమానం బాంబులతో సహా పైకి లేచిపోవాల్సిందే. పైలట్ హోదాలో తనకంటే పెద్దవాడైనా సరే.

నాకు అబ్బురమనిపించేది ఈ ఏర్పాటే. ఇంత పెద్ద సైనిక యంత్రాంగం, చివరి మాట మాత్రం అన్నిటికంటే చిన్న విమానంలో, ఆయుధం లేకుండా, అందరికంటే దగ్గరగా ఉన్న కెప్టెన్ చేతిలో పెట్టింది.

ఎత్తు పెరిగితే

1999 ఏప్రిల్ 14న కొసోవోలో జాకోవిత్సా దగ్గర నాటో విమానాలు ఒక వాహనాల వరుస మీద బాంబులు వేశాయి. అవి శరణార్థుల వాహనాలు. 70 మందికి పైగా చనిపోయారు. నా వాదన మీద అనుమానం ఉన్నవారు ఈ ఉదంతాన్నే నా ముందు పెట్టవచ్చు, ఎందుకంటే ఆ లక్ష్యాన్ని గుర్తించిన ఎఫ్-16 పైలట్ కూడా ఫార్వర్డ్ ఎయిర్ కంట్రోలర్ హోదాలోనే ఎగురుతున్నాడు. పదవి ఉంది, అధికారం ఉంది, అయినా ఘోరం జరిగింది.

నిజమే. అయితే అతను ఎక్కడ నుంచి చూశాడు? క్షిపణులకు అందకుండా ఉండటానికి నాటో పెట్టిన నియమం వల్ల విమానాలు దాదాపు 15,000 అడుగుల పైన తిరుగుతున్నాయి. అంత ఎత్తు నుంచి, ఫైటర్ వేగంలో, ట్రాక్టరుకూ సైనిక ట్రక్కుకూ తేడా పట్టుకోవడం కష్టం. ఆ ఘటన తర్వాత నాటో చేసిన మార్పుల్లో ముఖ్యమైనది కంట్రోలర్లను 5,000 అడుగుల వరకు దిగనివ్వడం. తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లకూ అర్థమైంది. బర్డ్ డాగ్ పైలట్ 1,500 అడుగుల్లో ఉన్నది పొగరుతో కాదు, ఆ పని అంతకంటే పైనుంచి జరగదని తెలిసి.

మా అన్నయ్య కొడుకు దగ్గర దీనికి సమాధానం సిద్ధంగా ఉంది. కెమెరాకు ఎత్తుతో పని లేదు, గంటల తరబడి అలసట లేకుండా చూస్తుంది. కాబట్టి కెమెరా కథ కూడా చెప్పుకోవాలి. 2010 ఫిబ్రవరి 21న అఫ్గానిస్తాన్‌లోని ఉరుజ్గాన్‌లో మూడు వాహనాలను ఒక ప్రిడేటర్ డ్రోన్ గంటల పాటు వెంటాడి చూసింది. దాన్ని నడిపినవారు అమెరికాలో, నెవాడాలో ఉన్నారు. చూస్తున్నవారు ఒకరు, విశ్లేషిస్తున్నవారు మరోచోట, అనుమతి ఇచ్చేవారు ఇంకోచోట, కాల్చినవి హెలికాప్టర్లు. వాహనాల్లో ఉన్నది స్త్రీలు, పిల్లలు, ప్రయాణికులు. 23 మంది వరకు చనిపోయి ఉంటారని అమెరికా సైన్యం చేసిన దర్యాప్తే చెప్పింది. చూపుకు కొరత లేదు. పిల్లలున్నారేమో అన్న అనుమానం కూడా మాటల్లో వచ్చింది. ఆ అనుమానం చేతులు మారుతూ మారుతూ పలచబడిపోయింది. నలుగురు పంచుకున్న బాధ్యతలో "ఆపండి" అనాల్సినవాడు తానే అని ఎవరూ అనుకోలేదు.

అంకెల మీద నమ్మకమూ అలాంటిదే. 2001 డిసెంబర్ 5న అఫ్గానిస్తాన్‌లో కాందహార్‌కు ఉత్తరాన బీ-52 బాంబర్ నుంచి వదిలిన ఉపగ్రహ మార్గదర్శక బాంబు అమెరికన్ సైనికుల మీదే పడింది. ముగ్గురు అమెరికన్లు, కొందరు అఫ్గాన్లు చనిపోయారు. తాత్కాలిక ప్రభుత్వాధినేతగా అదే రోజు ఎంపికైన హమీద్ కర్జాయ్‌కు స్వల్ప గాయాలయ్యాయి. జరిగింది ఏమిటంటే, కింద ఉన్న కంట్రోలర్ జీపీఎస్ పరికరంలో బ్యాటరీ మార్చాడు. మార్చగానే అది తన సొంత స్థానాన్ని చూపించింది. ఆ అంకెలే పైకి వెళ్లాయి. బాంబు గురి తప్పలేదు, చెప్పిన చోటే పడింది. పొగ చూసి, రంగు అడిగి, సమాధానం విని, అప్పుడు వేయమనే పాత పద్ధతిలో పొరపాట్లు లేవని కాదు. కానీ ఈ ఒక్క పొరపాటు మాత్రం ఆ పద్ధతిని దాటుకుని వచ్చేది కాదు.

"వద్దు" కూడా దూరం నుంచి రాకూడదు

ఇంతవరకు చదివినవారికి, నేను ఆపడాన్ని అదే పనిగా పొగుడుతున్నాననిపించవచ్చు. ఆపడం వల్ల కూడా మనుషులు చస్తారు.

2009 సెప్టెంబర్ 8న అఫ్గానిస్తాన్‌లోని కునార్‌లో, గంజ్‌గల్ లోయలో అమెరికన్ శిక్షకులు, అఫ్గాన్ సైనికులు మూడు వైపుల నుంచి కాల్పుల్లో చిక్కుకున్నారు. ఫిరంగుల సాయం, విమానాల సాయం మళ్లీ మళ్లీ అడిగారు. పౌరులకు హాని జరగకూడదన్న నియమాల పేరు మీద, పరిస్థితి తెలియక, వెనకనున్న కార్యాలయం కోరినది చాలావరకు ఇవ్వలేదు. అమెరికన్లు ఐదుగురు, వారికంటే ఎక్కువ మంది అఫ్గాన్లు ప్రాణాలు కోల్పోయారు. తర్వాత ఇద్దరు అధికారులను మందలించారు. అక్కడ "వద్దు" అన్నవారు లోయను చూడలేదు. లోయలో ఉన్నవారి గొంతు వాళ్లకు రేడియోలో ఒక అభ్యర్థనగానే వినిపించింది.

అందువల్ల "వేయండి" అయినా "వద్దు" అయినా ఒకే మనిషి నుంచి రావాలి, ఆ మనిషి అక్కడ ఉండాలి. బర్డ్ డాగ్ పైలట్ కింది సైనికుడి భయం వింటాడు, పక్క గుడిసెల్లో బట్టలు ఆరేసి ఉండటమూ చూస్తాడు. ఆ రెండూ ఒకే తలలో ఢీకొనాలి.

లావోస్ అడిగే ప్రశ్న

నా నమ్మకాన్ని ఎక్కువగా కుదిపేది మాత్రం వైఫల్యాలు కావు, లావోస్. అక్కడ రేవెన్స్ అనే అమెరికన్ కంట్రోలర్లు మామూలు దుస్తుల్లో రహస్యంగా ఎగిరేవారు, ఎందుకంటే 1962 జెనీవా ఒప్పందం ప్రకారం విదేశీ సైన్యాలు అక్కడ ఉండకూడదు. వెనక సీట్లో మోంగ్ అనే కొండ తెగ మనిషో లావో మనిషో కూర్చునేవాడు. ఆ నేల తెలిసినవాడు, భాష తెలిసినవాడు, లక్ష్యానికి సరేననేవాడు. నేను మెచ్చుకుంటున్న లక్షణాలన్నీ అక్కడ ఉన్నాయి: తక్కువ ఎత్తు, రోజూ పరిచయం, స్థానికుడి కన్ను. అయినా 1964 నుంచి 1973 వరకు ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు పడ్డాయి. జాడీల మైదానంలోని పల్లె జనం గుహల్లో బతికారు. పేలకుండా మిగిలిన క్లస్టర్ బాంబులు ఇప్పటికీ పొలం దున్నేవారిని చంపుతున్నాయి.

అంటే మంచి కంట్రోలర్ చెడ్డ యుద్ధాన్ని ఆపలేడు. అంతేనా? దీని గురించి ఎంతో ఆలోచించాను. అతను చెడ్డ యుద్ధాన్ని మరింత సమర్థంగా నడిపిస్తాడన్న ఆరోపణను నేను కొట్టిపారేయలేను. రోజుకు ఇన్ని విమానాలు వస్తాయి, అవి ఎక్కడో ఒకచోట దించి వెళ్లాలి అని పైనుంచి నిర్ణయమైపోయాక, 1,500 అడుగుల్లో ఉన్న కెప్టెన్ చేతిలో మిగిలేది "ఇక్కడ వద్దు, అక్కడ" అనే పాటి వెసులుబాటు మాత్రమే. ఆ పాటి వెసులుబాటు వల్ల బతికిన పల్లెలు ఉంటాయని నేను నమ్ముతాను. కానీ అది యుద్ధాన్ని సమర్థించే వాదన కాలేదు, కాకూడదు కూడా.

ఇక నిదానంగా ఎగిరే విమానం కాలం చెల్లిందన్న మాట. 1972లో భుజం మీద నుంచి ప్రయోగించే ఎస్ఏ-7 క్షిపణులు వియత్నాంలోకి వచ్చాయి. ఆ ఏడాది జూన్ 29న క్వాంగ్ ట్రి దగ్గర కెప్టెన్ స్టీవెన్ బెన్నెట్ నడుపుతున్న ఓవీ-10 బ్రాంకో అనే కంట్రోలర్ విమానానికి అలాంటి క్షిపణి తగిలింది. వెనక సీట్లోని పరిశీలకుడి పారాచూట్ శకలాలకు చిరిగిపోయింది. తానొక్కడే దూకి బయటపడే వీలు బెన్నెట్‌కు ఉంది. దూకలేదు, విమానాన్ని సముద్రంలో దించాడు. పరిశీలకుడు బతికాడు, బెన్నెట్ మునిగిపోయాడు. ఈ కాలంలో క్షిపణులున్న యుద్ధరంగం మీదికి అలాంటి విమానాన్ని పంపడం కష్టం, పంపమని నేనూ అనను. ఉక్రెయిన్‌లో ముందు వరుసకు కొద్ది కిలోమీటర్ల దూరంలో నేలమాళిగలో కూర్చుని, అదే చెట్ల వరుసను రోజూ చిన్న డ్రోన్‌తో చూసే సైనికుడు నెవాడా పైలట్ కంటే బర్డ్ డాగ్ పైలట్‌కే దగ్గర. అతనికీ ఆ నేల తెలుసు, అతని మీదా గుండ్లు పడతాయి. అందుకే డ్రోన్ వద్దనడం నా ఉద్దేశం కాదు. దాని వెనక ఎవరు, ఎంత దూరంలో, ఏ అధికారంతో కూర్చున్నారన్నదే నేను అడుగుతున్నది.

ఆపిన దాడులకు లెక్క లేదు

1967 ఫిబ్రవరి 24న దక్షిణ వియత్నాంలోని దా లాత్ సమీపంలో బర్డ్ డాగ్ నడుపుతున్న కంట్రోలర్ కెప్టెన్ హిలియర్డ్ విల్‌బ్యాంక్స్ కొండల వాలులో పొంచి ఉన్న శత్రువును ముందుగా గమనించి, కింద నడుస్తున్న దక్షిణ వియత్నాం రేంజర్లను హెచ్చరించాడు. రాకెట్లు అయిపోయాక, జెట్లు రాకముందే, తన రైఫిల్‌ను విమానం కిటికీలోంచి కాలుస్తూ చెట్ల ఎత్తులో మళ్లీ మళ్లీ వచ్చాడు. రేంజర్లు వెనక్కి తగ్గగలిగారు. అతను చనిపోయాడు. అమెరికా అత్యున్నత పతకం ఇచ్చారు, ఇవ్వాల్సిందే.

అయితే ఆ పతకం రైఫిల్‌కు వచ్చింది. ఇంకో రోజు ఇంకో కంట్రోలర్ పొగ చూసి, గుడిసెలు చూసి, నాలుగు జెట్లను బాంబులతో వెనక్కి పంపేస్తే దానికి పతకం ఉండదు. దాడి తర్వాత ఎన్ని బంకర్లు పోయాయి, ఎంతమంది చచ్చారు అని కంట్రోలరే లెక్క చెప్పాలి. వేయని బాంబుకు ఆ పత్రంలో గడి లేదు. సైన్యాలు లెక్కించిన దాన్నే గౌరవిస్తాయి, లెక్కించిన దానికే డబ్బు పెడతాయి. అందుకే కెమెరా కొనడం తేలిక, ఆపే అధికారాన్ని కాపాడటం కష్టం.

మన సైన్యంలో పాత ఎయిర్ అబ్జర్వేషన్ పోస్ట్ దళాల నుంచి 1986లో ఆర్మీ ఏవియేషన్ కోర్ పుట్టింది. ఇప్పుడు చీతా హెలికాప్టర్లు వయసు మీరాయి, డ్రోన్లు వస్తున్నాయి. ఈ మార్పు జరుగుతున్న వేళ నేను కోరేది ఒకటే. ఆపిన ప్రతి దాడినీ నమోదు చేయండి: ఎవరు ఆపారు, ఏమి చూసి ఆపారు, తర్వాత ఏం తేలింది. శిక్షణలో కుర్ర అధికారులకు ధ్వంసమైన లక్ష్యాల వీడియోలతో పాటు అవి కూడా చూపించండి.

సైనిక్‌పురి అధికారికి ఈ ఆలోచన నచ్చలేదు. "మీరు ఆపిన దాడి వల్ల మర్నాడు మన జవాన్లు పోతే, ఆ పుస్తకమే మీ మీద సాక్ష్యమవుతుంది. అది తెలిసినవాడు ఇక ఎప్పుడూ ఆపడు. మీరు కాపాడాలనుకున్నదాన్నే మీరు చంపుతారు," అన్నారు. బలమైన అభ్యంతరం. నా దగ్గరున్న జవాబు పౌర విమానయానం నుంచి తెచ్చుకున్నది. అమెరికాలో 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లను నాసా నడిపే వ్యవస్థకు గోప్యంగా తెలిపితే, ఉద్దేశపూర్వకం కాని ఉల్లంఘనలకు సాధారణంగా శిక్ష ఉండదు. ఆ నమోదును విచారణలో వాడకూడదని నియమం పెడితే చాలు కదా అన్నాను. శాంతికాలంలో కుదిరింది యుద్ధంలో కుదరదని ఆయన అన్నారు. కుదురుతుందని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.